దీర్ఘం లేని బోర్డు

మావయ్య పోయారని చెప్పడానికి వచ్చిన ఫోన్ని నేను కట్ చేశాను. ఆయన నంబరే. మళ్ళీ ఆ గోలే అనుకున్నాను. రెండోసారి ఎత్తితే ఏడుస్తూ అత్తయ్య.

మా ఆవిడకి ఆయన మేనమామ. బొబ్బిలిలో జువాలజీ మాస్టారుగా చేసి రిటైరయ్యాక, విజయనగరంలో మా బట్టల కొట్లో కూర్చోవడమే ఉద్యోగంగా పెట్టుకున్నారు. పెళ్ళయి ఏడేళ్ళయినా మాకు పిల్లల్లేరు. మా అమ్మ కోడల్ని శ్రీకూర్మానికీ డాక్టర్లకీ తిప్పుతుంటే, ఈయన మంచి బేరం మీద ఉన్నప్పుడే "ఏటల్లుడూ, నీ వీర్యకణాల పరీక్ష ఎప్పుడు?" అనేవారు. చీరలు చూస్తున్న ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు.

ఆ పోరు పడలేక చేయించుకున్నాను. కణాలు ఎదగకుండా మధ్యలోనే ఆగిపోతున్నాయన్నారు. ఎందుకని మావయ్యని అడగడం నా బుద్ధితక్కువ. ఎండలో మా బోర్డు కిందికి లాక్కెళ్ళారు. దాన్ని రాసిన పెయింటరు "వస్త్రాలయం"లో దీర్ఘం మింగేసి "వస్త్రలయం" చేశాడు.

"సూడు. అక్షరాలన్నీ ఉన్నాయి, దీర్ఘం లేదు. ఆర్‌ఎన్‌ఏ అంటే జన్యువుకి నకలు. దాని మీద ఇలాటి గుర్తులెట్టే ఎంజైములుంటాయి. అవి పని సెయ్యకపోతే కణం తోక రాకుండానే ఆగిపోతాది. ఎలకల్లో సూశారు."

"అయితే నాకూ అదేనా?"

"ఏమో. అది తేల్చే పరీక్ష మనూళ్ళో లేదు."

గంట పాఠం చెప్పి చివరికి ఏమో అనే మనిషితో ఎలా వేగాలి? పైగా ఒకటే పట్టు. "మీయమ్మకి నువ్వే సెప్పాల. తప్పు నాదని కాదు, ఆగింది నాలోనని సెప్పు."

రేపు రేపంటూ రెండేళ్ళు నెట్టాను. మా ఆవిడకి అన్నీ తెలుసు. అయినా నోరు విప్పకుండా అత్తగారి మాటలు పడింది. మావయ్య మాత్రం వచ్చినప్పుడల్లా బోర్డు వైపు చూసి "ఇంకా దిద్దలేదేటి?" అనేవారు. ఆయన అడిగేది బోర్డు గురించి కాదని తెలిసి నాకు ఒళ్ళు మండేది.

పన్నెండో రోజు భోజనాల దగ్గర అమ్మ అందరి ముందూ అంది. "మేనకోడలి బిడ్డని సూడకుండానే పోనారు. దీని కడుపు పండలేదు, ఏటి సేస్తాం."

వడ్డిస్తున్న మా ఆవిడ చేతిలో గరిటె ఆగింది.

"ఆగింది నాలోనమ్మా," అన్నాను. "రెండేళ్ళ కిందటే తెలుసు. దాన్నింకేమీ అనకు."

మా ఆవిడ నాకు పప్పు వేసి, అడక్కుండానే ఇంకో గరిటె వేసింది. ఆ మాట ఆయన బతికుండగా అని ఉంటే ఎంత బాగుండేది. ఆయనకి నేను రుణపడ్డాను, విసుక్కుంటూనే.

మర్నాడు నిచ్చెన వేసుకుని దీర్ఘం నేనే దిద్దాను. ఇంట్లో ఉన్నది ఎర్ర రంగే. పాత నీలం అక్షరాల మధ్య అదొక్కటే ఎర్రగా, కాస్త వంకరగా ఉంది. రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ ముందు అదే కనిపిస్తోంది.