వాసన చూసి పోసిన ఆయిల్

"...పోసింది నువ్వే బావా! ఈ ఆరు వారాల్లో ఇంకెవడి చెయ్యీ పడలేదు."

"పడకపోతే వెనక ఇరుసులో ఈ కూత ఎక్కణ్ణుంచి వచ్చిందిరా? దారిలో ఎక్కడో చవగ్గా వస్తోందని కక్కుర్తి పడుంటావు."

"నీ మీద ఒట్టు. నట్టు మీద నువ్వు పెట్టిన ఎర్రచుక్క చూసుకో. అబద్ధమైతే బండి నీకే వదిలేసి పోతాను."

బావమరిది పికప్ కింద వెల్లకిలా పడుకున్న మేస్త్రి టార్చి వేశాడు. సగం నట్టు మీద, సగం ఇరుసు మీద పడేలా తాను పెట్టిన రంగుచుక్క ఎక్కడా చెదరలేదు.

ఊళ్లో ఆయన్ని ముక్కు మేస్త్రి అంటారు. పని నేర్పిన గురువు కళ్ళకు గంతలు కట్టి నూనెగుడ్డలు వాసన చూపించేవాడట. ముప్పై ఏళ్ళుగా షెడ్డులో డబ్బాలకు చీటీలు లేవు. "ముక్కుండగా చీటీలెందుకు?" అనేవాడు. కొత్త డబ్బాలు తెచ్చి, అసలో నకిలీయో చెప్పమని పక్క షాపుల వాళ్ళు కూడా ఆయన దగ్గరికే వచ్చేవారు.

వెనక ఇరుసుకి ఏది పోయాలో ఆయన నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అక్కడి పళ్ళు బరువు మోస్తూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ఆ ఒత్తిడికి ఇంజను ఆయిల్ నిలవదు, గంధకం కలిసిన గేర్ ఆయిలే కావాలి. వేళ్ళ మధ్య రాస్తే రెండూ ఒకే చిక్కన. కుళ్ళిన గుడ్డులా గుప్పుమంటే అది గేర్ ఆయిల్.

ఆయిల్ దించి, మూత విప్పాడు. పళ్ళ అంచులు చెక్కేసినట్టున్నాయి. కొన్ని వేడికి నీలంగా కమిలిపోయాయి. పళ్ళెంలోకి దిగిన ఆయిల్లో ఇనుపరజను తళతళలాడింది.

విడిభాగాల లెక్క చూసే కూతురు వంగి, పళ్ళెం దగ్గర గాలి పీల్చింది.

"నాన్నా, ఇది ఇంజను ఆయిల్."

"చాల్లే, నాకే చెబుతున్నావా?"

ఆమె వాదించలేదు. అరమీదున్న రెండు డబ్బాల్లో రెండు గుడ్డలు ముంచి తెచ్చింది. "ఏది ఏదో చెప్పు."

"తాతకి దగ్గులు నేర్పుతోందిరా మీ మేనకోడలు," అంటూ మేస్త్రి మొదటి గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత రెండోది. మళ్ళీ మొదటిది. బావమరిది నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాడు.

మేస్త్రి లేచి, పెట్రోలు సీసా మూత తీసి గట్టిగా పీల్చాడు. ముక్కులో చల్లగా తగిలింది. అంతే. వాసన లేదు.

ఇంట్లో పొయ్యి మీద పాలు మాడుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడని పోయిన నెల భార్య చెడామడా తిట్టింది. వానల్లో వచ్చిన జ్వరం దిగినప్పట్నుంచీ ఏ కూరైనా చప్పగానే ఉంటోంది. పడిశమనుకున్నాడు. షెడ్డుకి సున్నం వేయించినప్పుడు డబ్బాల చోట్లు మారాయి. ఈ పికప్ వచ్చిన రోజు డబ్బా ఎత్తి పీల్చాడు, తలూపాడు, పోసేశాడు. ముప్పై ఏళ్ళ అలవాటు వాసన కోసం ఆగలేదు.

టైరు మీద కూలబడ్డాడు.

"మంచినీళ్ళు తాగు నాన్నా."

"దిగుడులో ఉన్నప్పుడు ఇరుసు పట్టేసుంటే ఏమయ్యేది బావా?" బావమరిది గొంతు తగ్గింది. "వెనక ఇటుకల లోడు. పక్క సీట్లో మా ఆవిడ."

మేస్త్రి ఆ నీలం పళ్ళ వైపే చూస్తున్నాడు. నీళ్ళ గ్లాసు అందుకోలేదు.

"పోన్లే, తెలిసింది మన ముగ్గురికే," అన్నాడు బావమరిది. "నేనెక్కడా అనను. అమ్మాయి వాసన చూస్తుంది, నువ్వు పోద్దువుగాని. గుట్టు చప్పుడు కాకుండా గడిచిపోతుంది."

"ఆ డబ్బాలోంచి ఇంకెన్ని బండ్ల ఇరుసుల్లో పోశానే?"

కూతురు పుస్తకం తిరగేసింది. "నాలుగు. ఒకటి స్కూలు వ్యాను."

"నాలుగింటికీ ఫోన్లు చెయ్యి. బండి కదపొద్దను, ఎక్కడుంటే అక్కడికి నేనే వస్తానను."

"ఎందుకని అడిగితే?"

"మేస్త్రికి వాసన తెలీడం లేదని చెప్పు."