చిన్నమ్మాయిగారి కొలత

మా కొవ్వూరు పుస్తకాల జట్టులో మేం నలుగురమే. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పావని ఇంటి వరండాలో కూర్చుంటాం. పావని కాలేజీలో లెక్కలు చెబుతుంది. సుకుమార్ గారు ఉద్యోగం నుంచి రిటైరై, ఫోనుకో స్టాండు కొనుక్కుని, పుస్తకాల మీద వీడియోలు తీసి యూట్యూబులో పెడుతుంటారు. వాటిని చూసేది ఆయనా, ఆయన బావమరిదీ. నేను బళ్లో తెలుగు చెప్పి చెప్పి ఇంటికొచ్చినదాన్ని, ఓ గంట మాట్లాడకపోతే నాకు ఒంట్లో బాగుండదు. నాలుగో మనిషి సాయిదుర్గ. స్టేషను రోడ్డు పక్క సందులో జాకెట్లు కుడుతుంది. ఇది ఆవిడ సంగతి.

మేం పుస్తకం గురించి అరగంట మాట్లాడతాం. సరే, పావుగంట. పేజీల మధ్య పెట్టుకోడానికి సాయిదుర్గ మా అందరికీ తలో జాకెట్టు గుడ్డముక్క కత్తిరించి, అంచు కుట్టి ఇచ్చింది. పావుగంట కాగానే ఎవరో ఒకరు "ఇంక ముక్క పెట్టేద్దామండీ" అంటారు. ముక్క పెట్టాక పుస్తకం ఊసెత్తకూడదు. అప్పుడు మాట్లాడుకున్నది వరండా దాటకూడదు. ఈ రెండోది మేం ఎప్పుడూ పైకి అనుకోలేదు. అనుకోవాల్సిన అవసరం ఉంటుందని ఎవరికి తెలుసు?

ముక్క పెట్టాక చూడాలి మా హుషారు.

"మా పక్కింటాళ్లు కొత్త మిక్సీ కొన్నారండి," అని పావని మొదలుపెట్టేది. "తెల్లారకుండా వేస్తారు. విమానం వచ్చి మా వంటింట్లో దిగినట్టుంటుందండి."

"మిక్సీ నయమమ్మా. లోను కావాలా సార్ అని నాకు రోజూ ఫోన్లే. మొన్నో అమ్మాయికి నా ఉద్యోగం సంగతంతా మొదట్నించీ చెప్పుకొచ్చాను. మధ్యలో పెట్టేసింది," అనేవారు సుకుమార్ గారు.

"ఆ పిల్ల అంతసేపు ఆగిందంటే గొప్పేనండి," అనేదాన్ని నేను.

అప్పుడు సాయిదుర్గ అందుకునేది. "మీవన్నీ ఏం కష్టాలండి? మా సీరియల్లో కోడలు సోమవారం మెట్లు దిగడం మొదలెట్టిందండి. గురువారం చూద్దును కదా, ఇంకా దిగుతానే ఉందండి. ఈలోగా మా ఇంట్లో గ్యాస్ బండ అయిపోయి కొత్తది కూడా వచ్చేసింది." అంటూ లేచి, చీర కుచ్చిళ్లు పట్టుకుని, లేని మెట్లు దిగి చూపించేది. ఒక్కో మెట్టుకీ ఒక్కో ఏడుపు. నాకు నవ్వి నవ్వి పొట్ట పట్టుకుపోయేది.

ఆ విద్య ఆవిడకి వాళ్లమ్మ దగ్గర అబ్బింది. సాయిదుర్గది అంతర్వేది దగ్గర సముద్రం ఒడ్డున చేపలవాళ్ల ఊరు. వాళ్లమ్మ మరిడమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి చేపలమ్మేది. రాత్రి అన్నాల దగ్గర, ఆ రోజు బేరమాడిన వాళ్లందర్నీ ఒక్కొక్కరిగా దింపేది. మునసబుగారి కోడలు ఎలా మూతి తిప్పిందో, కరణంగారి తల్లి ఎలా మొప్పలెత్తి చూసి ముక్కు మూసుకుందో, అంతా. పిల్లలకి అదే సినిమా. సాయిదుర్గ టెన్త్ దాకా చదివి, కుట్టు నేర్చుకుని, పెళ్లయ్యాక కొవ్వూరు వచ్చింది. భర్త పల్లంరాజు లారీ డ్రైవరు. కొట్లో జనం కూర్చున్నప్పుడు చూసుకోడానికని వారపత్రికలు తెప్పించి, డిజైన్ల బొమ్మల పక్కనున్న సీరియళ్లు తానే చదివేసి, అక్కణ్ణించి పుస్తకాల్లోకి వచ్చింది. నేను జాకెట్టు ఇవ్వడానికి వెళితే మెషీను పక్కన నవల బోర్లా పెట్టి ఉంది. మర్నాడే మా జట్టులోకి లాక్కొచ్చాను.

ఇక చిన్నమ్మాయిగారు. పెద్ద రైతు కుటుంబం, కాలవ రోడ్డులో మేడ. అయిదుగురు అక్కచెల్లెళ్లలో ఆఖరావిడ కాబట్టి చిన్నమ్మాయి. డెబ్బై దాటినా ఊరంతటికీ చిన్నమ్మాయిగారే. అందరూ కొలతకని పాత జాకెట్టు ఒకటి పంపిస్తారు కదా, ఆవిడ పంపించరు. స్వయంగా వచ్చి నిలబడతారు. టేపు చుట్టగానే "ఎంతే దుర్గా?" అంటారు. "ముప్పయ్యారండి" అంటుంది సాయిదుర్గ. టేపు మీద ఉండేది నలభై. ఆ నలభై ఎక్కడా రాసుకోదు, పైకి అనదు, గుర్తు పెట్టుకుని గుడ్డ కోస్తుంది. ఇలా సంవత్సరాల నుంచీ నడుస్తోంది. ఎప్పుడో ఒకసారి మాత్రం టేపు జారి అంకె ఆవిడ కంట పడిందట. "నేనేం ఒళ్లు చెయ్యలేదే. నీ టేపు సాగిపోయింది, కొత్తది కొనుక్కో," అన్నారట.

మొన్న వేసవిలో ఓ ఆదివారం, ముక్క పెట్టాక, రెడీమేడ్ బట్టల కొలతలు ఒక్కటీ సరిపోవని పావని విసుక్కుంటుంటే, సాయిదుర్గ ఈ సంగతి చెప్పింది. చెప్పడమేంటి, చిన్నమ్మాయిగారే వరండాలోకి వచ్చి నిలబడ్డారు. ఆ గొంతు, ఆ మెడ తిప్పడం, ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోవడం! నేను కుర్చీలోంచి జారిపోయాను.

నవ్వులయ్యాక సాయిదుర్గ కూర్చుని, నెమ్మదిగా ఇంకో సంగతి చెప్పింది. తను కొవ్వూరు వచ్చిన కొత్తలో ఎవరూ గుడ్డ ఇచ్చేవారు కాదట. చిన్నమ్మాయిగారు మొదటిసారి పట్టు ముక్క ఇచ్చారట. భయంతో మెడ లోతుగా కోసేసిందట. ఆవిడ పల్లెత్తు మాట అనకుండా, పైట భుజాల నిండా కప్పుకుని, ఆ జాకెట్టుతోనే ఓ పెళ్లికి వెళ్లి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "మా దుర్గ కుట్టింది" అని చెప్పారట. "ఆ పెళ్లి తర్వాత నా కొట్టు ముందు చెప్పులు పట్టలేదండి. ఆవిడ నా తప్పు కప్పుకుని తిరిగారు. ఆవిడ కొలత నేను కప్పుకుంటే ఏం పోయిందండి?" అంది. అప్పుడు మాలో ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత మా చెల్లెలికి కాలు బెణికితే నేను మండపేట వెళ్లాను. ఓ సాయంత్రం ఎదురింటావిడ ఫోను పట్టుకుని వచ్చింది.

"అక్కగారూ, మీది కొవ్వూరే కదండీ? ఈ టైలరమ్మ మీకు తెలుసేంటి? చచ్చిపోతున్నామండి నవ్వలేక!"

చూద్దును కదా, సుకుమార్ గారి ఛానెల్లో పావని వరండా. పొట్ట లోపలికి లాక్కుంటున్న సాయిదుర్గ. "ఎంతే దుర్గా?" "ముప్పయ్యారండి." టేపు మీద నలభై అని సాయిదుర్గ చెప్పినచోట ఆ అంకె తెర నిండా ఎర్రగా ఎగిరింది. వెనకాల గట్టిగా వినబడే నవ్వుల్లో అన్నిటికంటే పెద్దది నాది. అది చాలదన్నట్టు ఎక్కడివో నవ్వులు ఇంకొన్ని తెచ్చి అతికించారు. చిన్నమ్మాయిగారి పేరు రెండుసార్లు వినబడింది. టేపు సాగిపోయిందన్న దగ్గర వీడియో అయిపోయింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వచ్చేశాను. కొట్లో సాయిదుర్గ ఖాళీగా కూర్చుని ఉంది. నేను కూర్చునేలోపే తనే మొదలుపెట్టింది.

"ఏంటోనండి, ఈ వారం ఎవరూ రావట్లేదు. చిన్నమ్మాయిగారు మనవరాలి పెళ్లికిచ్చిన గుడ్డలన్నీ తిరిగి ఇచ్చెయ్యమని పనమ్మాయి చేత కబురు పంపారండి. ముహూర్తం ఏమన్నా మారిందంటారా?"

పల్లంరాజు ఫోను టచ్ ఫోనే గానీ, అది లారీతోపాటే తిరుగుతుంది. ఈవిడ దగ్గరున్నది నొక్కుడు బటన్లది. నేను నా ఫోను తీసి చూపించాను. మొత్తం చూసింది. రెండోసారి కూడా చూసింది.

"నా గొంతు ఇలా ఉంటుందాండి?" అంది. తర్వాత, "ఆవిడ చూశారన్నమాట," అంది.

ఆదివారం దాకా ఆగమన్నాను. ఆగింది. వరండాలోకి వచ్చాక కూర్చోలేదు.

"సుకుమార్ గారండీ, అదెప్పుడు తీశారండి?"

"పుస్తకం వీడియో తీశాను కదమ్మా, ఆపడం మర్చిపోయాను. ఇంటికెళ్లి చూస్తే ఇది కూడా ఉంది. ఎంత బాగుందో! లక్షమంది చూశారు తెలుసా? నీకు మంచి పేరొస్తుందనే పెట్టాను."

"ఆపడం మర్చిపోయారు సరేనండి. పెట్టడం కూడా మర్చిపోయి పెట్టారా?"

ఆయన పావని వైపు చూశారు. పావని చెంగు నలుపుకుంటోంది. "మీకు తెలుసనుకున్నానండి," అంది సన్నగా. "పెట్టిన రోజే చూశాను. మా స్టాఫ్ గ్రూపులో కూడా వేశాను. మీకు చెప్పే పెట్టారేమో అనుకున్నాను."

"నాకు తెలిస్తే ఆవిడ పేరు ఉండనిచ్చేదాన్నాండి?" అని సాయిదుర్గ మళ్లీ ఆయన వైపు తిరిగింది. "పోనివ్వండి. నేను తర్వాత చెప్పింది ఏదండి?"

"ఏది?"

"పట్టు జాకెట్టు సంగతి. నేను మెడ కోసేసిన సంగతి. ఆవిడ దాంతోనే పెళ్లికెళ్లిన సంగతి."

"ఓ, అదా! అది కొంచెం డల్లుగా ఉందమ్మా. అంత నవ్వాక అది వస్తే ఊపు తగ్గిపోతుంది. కట్ చేశాను."

"అది ఇవ్వండి నాకు. ఆవిడకి చూపిస్తాను."

"ఫోన్లో చోటు లేదని తీసేశానమ్మా."

నాకు ఒళ్లు మండి, "మీ లక్షమందికి ఊపు తగ్గకూడదని ఈవిడ నోట్లో మాట సగం కోసేశారాండీ? గుడ్డ కొయ్యడం ఈవిడ పనా మీ పనా?" అని అరిచాను. ఆయన వీడియో తీసేస్తాలెండి అన్నారు. నా ఎదురుగానే తీసేశారు కూడా. ఏం లాభం? అప్పటికది ప్రతివాళ్ల ఫోన్లోనూ ఉంది.

ఆ సాయంత్రమే గుడ్డలు సంచిలో సర్దుకుని, నన్ను తోడు తీసుకుని చిన్నమ్మాయిగారింటికి వెళ్లింది. ఆవిడ హాల్లో కూర్చుని ఉన్నారు. లేవలేదు గానీ, నవ్వు ముఖంతోనే పలకరించారు.

"రండి టీచరుగారూ. రండమ్మా, కూర్చోండి."

ఆ రెండో 'రండి' సాయిదుర్గకి. ఇన్నేళ్లలో "ఏమే దుర్గా" తప్ప ఇంకో పిలుపు ఎరగదు ఆవిడ నోట. సంచి కింద పెట్టి అలాగే నిలబడింది.

"ఒక్కటీ కొయ్యలేదండి. అన్నీ ఉన్నాయండి."

"ఉంటాయి. మీరు గుడ్డల విషయంలో ఎప్పుడూ తేడా చెయ్యలేదు." తర్వాత ఆవిడే అడిగారు. "ఒక్కటి చెప్పండి. ముప్పయ్యారని చెప్పినప్పుడల్లా లోపల నవ్వుకునేవారా?"

"లేదండి. ఒక్కసారి కూడా నవ్వుకోలేదండి."

"మరి అక్కడ?"

సాయిదుర్గ తలొంచుకుంది. "అక్కడ నవ్వానండి."

నేను ఆగలేక, "అసలు సంగతేంటంటేనండీ, ఈ అమ్మాయి తర్వాత..." అని మొదలుపెట్టాను. సాయిదుర్గ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను ఆగిపోయాను.

చిన్నమ్మాయిగారు సంచి దగ్గరికి లాక్కున్నారు. "అద్దంలో చూసుకుంటే నాకు తెలీదా అమ్మా, ముప్పయ్యారో నలభయ్యో? మీరు అలా అనడం నాకు బాగుండేది. అంతే. చీకటి పడుతోంది, వెళ్లి రండి."

కాలవ గట్టు మీద నడుస్తూ అడిగాను. "చెప్పనివ్వలేదేం? ఆ పట్టు జాకెట్టు సంగతి చెబితే ఆవిడ మనసు కరిగేది కదే!"

"కరిగేదండి. అది ఆవిడ చేసిన మంచి కదండీ. అది చెప్పి, ఇప్పుడు నన్ను క్షమించమంటే, ఆవిడ కాదనలేరు. మళ్లీ నా తప్పు ఆవిడ చేతే కప్పించినట్టవుద్దండి." నాలుగడుగులు వేశాక, "సుకుమార్ గారు నవ్వుతూ పెట్టారు, నేను నవ్వుతూ చెప్పాను. ఆవిడకి ఇద్దరమూ ఒకటేనండి," అంది.

ఆదివారాలు ఇప్పుడు సాయిదుర్గ రావట్లేదు. నేనూ మానేశాను. పావని రెండుసార్లు కొట్టుకి వెళ్లి ఏడ్చి వచ్చిందట. సుకుమార్ గారు రోడ్డు మీద కనబడితే నేనే పక్క సందులోకి తిరిగిపోతాను. నాలాంటి వాగుడుకాయకి ఒక మనిషితో మాట్లాడకపోవడం ఎంత కష్టమో మీకు చెప్పలేను.

కొట్టుకి పాత జనం కొంత వచ్చారు, కొంత రాలేదు. వీడియో చూసి నిడదవోలు నుంచీ, రాజమండ్రి నుంచీ కొత్తవాళ్లు మాత్రం వస్తున్నారు. నేను ఉండగానే నిన్న ఇద్దరమ్మాయిలు వచ్చారు. జాకెట్టు ముక్కలు బల్ల మీద పెట్టి, ఒకమ్మాయి ఫోను పైకెత్తింది.

"ఆంటీ, ఆ పెద్దావిడలాగా ఒక్కసారి మాట్లాడండి, ప్లీజ్!"

సాయిదుర్గ డబ్బాలోంచి నాలుగు గుండుసూదులు తీసుకుని పళ్ల మధ్య పెట్టుకుంది. నోరు ఖాళీ లేదన్నట్టు చూపించి, టేపు తీసుకుని, కొలతకి చేతులు చాపమని సైగ చేసింది.