మిగిల్చిన ఏడాది

ఫోన్లు ఇంకా మడతపెట్టుకునే రోజులు. అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో ఉద్యోగంలో చేరి, అపార్ట్‌మెంట్ దొరికేదాకా అని మా అక్క ఇంట్లో దిగాను. గరాజ్‌లో సూట్‌కేసులు దింపుతూ బావ ఏదో జోకు వేశాడు. గట్టిగా నవ్వుతూ ఇంట్లోకి అడుగుపెట్టానో లేదో, అక్క పరుగున వచ్చి నా నోరు మూసింది. నిజంగానే, అరచేత్తో.

"ఎవరికైనా ఒంట్లో బాలేదా?" అన్నాను గొంతు తగ్గించి.

"లేదే. చదువుకుంటోంది," అంది కళ్ళతో పైకి చూపిస్తూ.

చదువుకుంటున్నది అక్క కూతురు, ఒక్కగానొక్క పిల్ల. ఇక్కడ హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పాఠాలు చదివి, మే నెలలో పరీక్షలు రాయొచ్చు. ఏపీ పరీక్షలంటారు. మన రాష్ట్రానికీ వాటికీ సంబంధం లేదు. మంచి స్కోరు వస్తే, ఆ సబ్జెక్టు నువ్వు కాలేజీలో చదివేసినట్టే అని యూనివర్సిటీ క్రెడిట్లు ఇస్తుంది. అలా తగినన్ని పోగేస్తే మొదటి ఏడాది మొత్తం ఎగిరిపోతుంది.

ఆ ఎగిరిపోయే ఏడాది కోసం ఇల్లంతా నోరు కట్టేసుకుంది. కుక్కర్ విజిల్ వేయకూడదని అక్క పప్పుని మామూలు గిన్నెలో గంటసేపు ఉడకబెట్టేది. ఆవాలు చిటపటలాడతాయని పోపు పెరట్లో, చిన్న కరెంటు పొయ్యి మీద. బావ టీవీ సౌండ్ తీసేసి తెలుగు కామెడీ సినిమాలు చూసేవాడు. చీకటి గదిలో చప్పుడు లేకుండా ఆయన భుజాలు ఊగుతుంటే, మొదటిసారి చూసి ఏడుస్తున్నాడనుకుని భయపడ్డాను.

పిల్ల చదువు తన గదిలో కాదు. మెట్లెక్కగానే ఎదురుగా బట్టలు పెట్టుకునే క్లోజెట్ ఉండేది, కిటికీ లేనిది. అందులో కార్పెట్ మీద కూర్చుని, బల్లదీపం వేసుకుని, తలుపు మూసుకునేది. కింద నుంచి చూస్తే ఆ తలుపు కింద సన్నటి వెలుగు గీత ఒక్కటే కనిపించేది. అన్నం వేళకి అక్క కేకేసేది కాదు. మెట్ల దగ్గర స్విచ్ రెండుసార్లు నొక్కేది. పైన హాల్లో లైటు రెండుసార్లు ఆరి వెలిగేది. ఆ వెలుగు తలుపు సందులోంచి చూసి పిల్ల దిగి వచ్చి, తిని, వెళ్ళిపోయేది.

నాకు ఒళ్ళు మండేది. "ఇది ఇల్లా, మార్చురీనా?" అని ఓ ఆదివారం పెరట్లో అక్కని నిలదీశాను.

అక్క పోపు దించి పొయ్యి ఆపింది. తర్వాత అంది: "దానికి మాటలొచ్చే వయసులో డేకేర్‌లో పడేసి ఆఫీస్‌కి పరిగెత్తానే. అది చెప్పిన కబుర్లన్నీ అక్కడెవరో విన్నారు. ఇప్పుడు నాలుగేళ్ళ డిగ్రీ మూడేళ్ళలో అయిపోతుంది. నాలుగో ఏడాది నాది. ఉద్యోగానికి వెళ్ళకుండా ఇంట్లో నాతో ఉంటానని మాటిచ్చింది. ఏడాదంతా కబుర్లు చెప్పుకుంటాం."

ఆ రోజు నుంచి నేనూ మునివేళ్ళ మీద నడిచాను.

జులైలో స్కోర్లొచ్చాయి. యూనివర్సిటీ అన్నీ ఒప్పుకుంది. పిల్లని ఆస్టిన్‌లో యూనివర్సిటీలో దింపి వచ్చాక అక్క నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చూపించింది. మొదటి ఏడాది కోర్సులు వరసగా ఉన్నాయి, ప్రతిదాని పక్కనా క్రెడిట్లు. క్లాసుకి ఎవరూ వెళ్ళలేదు. పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఎవరూ బతకని ఏడాది ఒకటి, ఏ లోటూ లేకుండా పూర్తయి ఉంది. అక్క తెర మీద వేలితో నిమురుతూ, "ఇదిగో, ఇదే నాది," అంది.

పిల్ల వెళ్ళాక ఇంట్లో చప్పుడు తిరిగొస్తుందనుకున్నాను. రాలేదు. నేను అపార్ట్‌మెంట్‌కి మారాక కూడా ఆదివారాలు వెళ్ళేదాన్ని. బావ టీవీ మూగగానే ఆడేది. ఓసారి భోజనాల వేళ అక్క వెళ్ళి స్విచ్ రెండుసార్లు నొక్కి, తలెత్తి మెట్ల వైపు చూస్తూ నిలబడింది. పైన క్లోజెట్ తలుపు కింద చీకటే. "అలవాటు," అని నవ్వింది, అదీ గుసగుసగానే.

తర్వాత నాకు కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో ఉద్యోగం వచ్చింది. పిల్ల అన్నట్టే మూడేళ్ళకి డిగ్రీ ముగించి, ఇచ్చిన మాట ప్రకారం ఇంటికొచ్చింది. ఆ అక్టోబర్లో చూడటానికి వెళ్ళాను. తలుపు తీస్తే అదే నిశ్శబ్దం.

"పిల్లేదీ?"

అక్క పైకి చూపించింది.

"మళ్ళీ ఏమైనా చదువుతోందా?"

"లేదే. ఇంకేం పరీక్షలు!"

"మరేం చేస్తోంది?"

"ఉంది," అంది.

మెట్లెక్కాను. క్లోజెట్ తలుపు కింద వెలుగు గీత. తీసి చూస్తే పిల్ల గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చేతిలో పుస్తకం లేదు, ఒళ్ళో లాప్‌టాప్ లేదు. వేలాడే చొక్కాల మధ్య నుంచి నన్ను చూసి నవ్వింది.

"హాయ్ పిన్నీ," అంది పెదాలతోనే.

"ఇక్కడేం చేస్తున్నావే?"

"ఏం లేదు. ఇక్కడ బాగుంటుంది పిన్నీ. క్వైట్‌గా."

"అమ్మతో మాట్లాడొచ్చు కదా? దాని కోసమే కదా వచ్చావు?"

"ట్రై చేశాం పిన్నీ. ఫస్ట్ వీక్. కిచెన్‌లో కూర్చున్నాం ఇద్దరం. ఎలా స్టార్ట్ చేయాలో తెలీలేదు." వేలాడే చొక్కా అంచు సర్దుతూ, "అమ్మకీ తెలీలేదు," అంది.

విసవిసా దిగి వచ్చి, అల్మరా అడుగు నుంచి కుక్కర్ లాగి, పప్పు పోసి, వెయిట్ పెట్టి పొయ్యి మీదకెక్కించాను. అక్క దాని వైపు పామును చూసినట్టు చూసింది. మొదటి విజిల్‌కి ఆమె చెయ్యి పొయ్యి ఆపడానికి దూసుకొచ్చింది. గట్టిగా పట్టుకున్నాను. రెండో విజిల్. బావ ఒక్కసారి వెనక్కి తిరిగి, మళ్ళీ మూగ టీవీలోకి వెళ్ళిపోయాడు. మూడోది ఇల్లంతా అదిరేలా కూసింది. పైన ఏ తలుపూ తెరుచుకోలేదు.

"చూశావా, ఏమీ కాలేదు. పిలువు దాన్ని. నోరు తెరిచి, పేరు పెట్టి పిలువు," అన్నాను.

అక్క చెయ్యి విడిపించుకుని మెట్ల దగ్గరికి నడిచింది. నోరు తెరిచింది. మెడ నరాలు బిగుసుకోవడం నాకు కనిపించింది. మాట రాలేదు. చెయ్యే గోడ తడుముకుని స్విచ్ రెండుసార్లు నొక్కింది.

పైన హాల్లో లైటు ఆరి, వెలిగి, నిలిచింది. అప్పుడు క్లోజెట్ తలుపు కింద వెలుగు గీత ఆరిపోయింది. వెలిగింది. మళ్ళీ ఆరి, మళ్ళీ వెలిగింది.

అక్క నా వైపు తిరిగింది. ఆ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

"చూశావా," అంది గుసగుసగా, "మాట్లాడింది."