‘తెలియదు’ అనే గడి

నార్సింగిలో మా ఎదుటి డాబా మీద నల్ల ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు ఉంది. మధ్యాహ్నం ఎండకు అది కాగి వాసన వేస్తుంటే నాకు సుగుణ మేడమ్ గుర్తొస్తారు. కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి, అది మూతపడ్డాక మాదాపూర్‌లో మా ఆఫీసుకు టీమ్ లీడ్‌గా వచ్చారు. రోడ్ల ఫొటోల్లో ఏది మనిషో, ఏది గేదో గీతలు గీసి, డ్రైవరు లేని కారుకు నేర్పడం మా పని. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, నోరెక్కువ.

ఒకరోజు మేం నేర్పుతున్న యంత్రం ఒక ఫొటోలో ఇలాంటి ట్యాంకునే చూసి గేదె అంది. అందరం పగలబడి నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

“గిది తప్పని ఎట్లంటవ్, మాధవీ?”

“అది గేదె కాదు కదండీ!”

“మనం చూపిన బర్రెలన్నీ నల్లగ, గుండ్రంగనే ఉండె. దానికి బర్రె అంటే నల్లగ, గుండ్రంగ ఉన్నదేదైనా సరే అనుకో. అప్పుడు అది ఒప్పే చెప్పింది. మరి దాని లోపలున్నది బర్రెనా, నలుపా? ఎవరు తేల్చాలె?”

ఏ మాటకైనా తప్పయ్యే వీలుంటేనే అర్థం ఉంటుందని, ఊహించి గీస్తే ఆ తప్పు ఎవరికీ కనపడదని ఆవిడ అనేవారు. అందుకే ఆవిడ టీములో ఒక కట్టుబాటు ఉండేది. ఫొటోలో ఉన్నదేమిటో తేలకపోతే ఊహించకూడదు. తెర మీద ‘తెలియదు’ అనే గడి నొక్కి ఆవిడను పిలవాలి. నేను మాత్రం ఊహించేసేదాన్ని. చాలాసార్లు సరిపోయేది కూడా.

“తెల్వదు అనెటందుకు గంత నామోషీనా నీకు?” అని ఒకసారి అడిగారు. నిజమే, నామోషీగానే ఉండేది.

రెండేళ్లకు ఆవిడ మెదడులో నరం చిట్లి కుడిచెయ్యి, మాట పడిపోయాయి. ఊరి నుంచి ఆవిడ అక్క వచ్చేదాకా ఆసుపత్రిలో నేనే తోడున్నాను. మూడో రోజు పొద్దున ఆవిడ ఎడమచెయ్యి ఎత్తి తల దగ్గరికి తెచ్చారు. జుట్టు మొహాన పడుతోందనుకుని వెనక్కి దువ్వాను. మళ్లీ ఎత్తారు.

“జడ వేస్తానుండండి” అన్నాను.

వేస్తుండగా చెయ్యి దిగింది. సరిగ్గా కనిపెట్టానని లోలోపల మురిసిపోయాను. నర్సు వచ్చి చూసేసరికి స్పృహ లేదు. మళ్లీ చిట్లిందన్నారు. సాయంత్రానికి పోయారు.

“వెంటనే పిలిచుంటే బతికేవారా?” అని డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు.

ఆ చెయ్యి ‘నొప్పి’ అందో, ‘జుట్టు’ అందో, ఇంకేమందో ఆవిడతోనే పోయింది. ఇప్పుడు టీమ్ లీడ్‌ని నేనే. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే ఆ గడి చూపిస్తాను. వాళ్లకు విసుగని తెలుసు, అయినా చూపిస్తాను. ఆ రోజు నర్సును పిలిచే బటన్ మంచం పక్కనే, నా చేతికందేంత దూరంలోనే ఉంది. నేను జడ వేస్తూ కూర్చున్నాను.