మేస్త్రి నడుం నొప్పి

గూడూరు దగ్గర ధనమ్మ మేస్త్రి నోరు విప్పిందంటే అవతలి గట్టున మేసే గేదెలు కూడా తలెత్తి చూసేవి. అంత గొంతు! నాట్ల ముఠాలో ఇరవై మంది ఆడవాళ్లనీ ఆ గొంతుతోనే ఏలుతోందని ఊరు అనుకునేది. ఊరికేం తెలుసు? ఆవిడ అసలు పనంతా కళ్లతో చేసేది. పొద్దున్నే గట్టెక్కిన మొహాలు చూసి, ఎవరింట్లో పొయ్యి రాజలేదో, ఎవరు మొగుడితో పోట్లాడి వచ్చారో పట్టేసేది. పైకి ఒక్క మాట అనేది కాదు. ఆ రోజుకి వాళ్లని కాస్త మెత్తటి నేలవైపు నిలబెట్టేది, అంతే.

నాట్లలో ఒక పాడు సరదా ఉంది. అందరూ వరసగా వంగి, ఎవరి మునుం వాళ్లు, అంటే ఎవరి వంతు పట్టీ వాళ్లు, నాటుకుంటూ వెనక్కి జరుగుతారు. చెయ్యి ఆలస్యమైన మనిషి అక్కడే ఉండిపోతుంది, అటూ ఇటూ నాటేసిన వరసల మధ్య బోనులో పడ్డట్టు. ఇక మిగతావాళ్ల ఇకఇకలు చూడాలి! ఈ సరదాలో ఆరితేరిన మనిషి సరోజిని. చెయ్యి ఎంత చురుకో నోరు అంత కారం. ఆవిడ చేతిలో నవ్వులపాలు కాని ఆడది ముఠాలో లేదు.

అది యాభై ఎనిమిదో, తొమ్మిదో సంవత్సరం. శోభనాద్రి గారి పెద్ద చేలో నాట్లు. కాలవ నీళ్ల వంతు ఆ రోజుతో సరి.

"సాయంత్రానికి అవకపోతే పక్కూరి ముఠాని పిలుస్తాను. ఇక నా చేలో మీకు పనుండదు ధనమ్మా," అన్నాడాయన.

ఆయన చేలే ముఠాకి సగం ఏడాది కూడు. సరిగ్గా ఆ రోజే సరోజిని చెయ్యి సాగలేదు. పొద్దెక్కేసరికి బోనులో పడింది. ఇంకేం, పండగే!

"ఏమ్మా, అక్కడే కాపరం పెట్టేస్తావా?" అంది పక్క మునుంలోని జీవరత్నం.

సరోజిని మొహం కందగడ్డయింది. "రేపట్నుంచి పక్కూరి ముఠాకే పోతాను. మీ మొహాలు చూస్తే ఒట్టు!" అని అరిచింది.

ధనమ్మ ఆ మొహం చూడలేదు, చెయ్యి చూసింది. కుడి బొటనవేలు బురదకి తగలకుండా ఎత్తిపట్టుకుని, మిగతా వేళ్లతో నారు గుచ్చుతోంది. గోరుచుట్టు! దానిమీద ఈ ఇకఇకలు రోకటిపోట్లు. పైకి చెబితే అందరూ జాలిపడతారు. సరోజిని నవ్వులనైనా తట్టుకుంటుందేమో గానీ, జాలిపడితే మళ్లీ గట్టెక్కదు.

"అమ్మో, నా నడుం!" ధనమ్మ కేకకి అందరూ ఆగిపోయారు. "పట్టేసిందే! మీతో సాగలేను. సరోజినీ, నీ మునుంలో కాస్త చోటియ్యవే," అంటూ వరసల సందులోంచి ఆ బోనులోకే దిగింది.

"మేస్త్రి కూడా చిక్కింది రోయ్!" నవ్వులన్నీ ధనమ్మ మీదకి మళ్లాయి.

"నవ్వండి, నవ్వండి! ముసలిదానికి ఓ చెయ్యి వెయ్యకూడదూ?"

నవ్వుకుంటూనే జీవరత్నం వచ్చింది, వెనకే కృపావరం. వెనకబడ్డ మునుం వరసలో కలిసిపోయింది. నడుం పట్టేసిన ధనమ్మ మాత్రం ఇద్దరి నారు ఒక్కతే నాటేస్తోంది.

సరోజిని గొంతు తగ్గించింది. "అత్తా, నీ నడుం..."

"నోరుమూసుకుని నాటవే."

సరోజిని తల ఎత్తలేదు. ఆమె కన్నీళ్లు బురదలో ఎక్కడ పడ్డాయో ఎవరికీ కనపడలేదు.

పొద్దు తాటిచెట్ల మీద ఉండగానే చేను పూర్తయింది. శోభనాద్రి గారి దొడ్లో అడిగి తెచ్చిన నిమ్మకాయని ధనమ్మ సరోజిని కొంగులో పడేసింది. "వేలికి తొడుక్కో. ఎవరైనా అడిగితే పచ్చడికని చెప్పు." మర్నాడు అందరికంటే ముందు గట్టెక్కింది సరోజినే.

ఏళ్లు గడిచి ధనమ్మ నడుం నిజంగానే వంగిపోయింది. మేస్త్రితనం సరోజినికి వచ్చింది. ఓ నాట్ల రోజున ధనమ్మ ఊసుపోక వచ్చి గట్టు మీద కూర్చుంది. కొత్తగా కాపరానికొచ్చిన ఇందిర బోనులో పడి బిక్కమొహం వేసింది. ముఠా అంతా ఇకఇకలు. అంతలో చేలోంచి ఓ కేక.

"అమ్మో, నా నడుం!"

సరోజిని గొంతు! రాయిలాంటి మనిషి నడుం పట్టుకుని, మూలుగుతూ ఇందిర పక్కకి దిగుతోంది.

ధనమ్మకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కొంగుతో కళ్లొత్తుకుని, ఇంకా మిగిలున్న ఆ గొంతంతా ఎత్తి అరిచింది.

"మెల్లగా నాటవే సరోజినీ! ఆ నొప్పి సంగతి నాకు తెలుసు!"