కాయలకు పరిచిన గడ్డి

ఆ మధ్య అధికారులు వచ్చి మా రూట్లో తిరిగే సర్వీస్ ఆటోలన్నిటికీ ‘సురక్షిత ప్రయాణం’ స్టిక్కర్లు అంటించి, ఫొటోలు దిగి వెళ్లారు.

తర్వాత ఒకరోజు హనుమాన్ జంక్షన్‌లో ఆటో ఎక్కాను. నా పక్కనున్న నిండు గర్భిణి, గోతుల దగ్గర నెమ్మదిగా పోనిమ్మని దారంతా బతిమాలింది. డ్రైవర్ వినిపించుకోలేదు.

మర్నాడు అదే ఆటో, డ్రైవర్ పక్కన కూర్చున్నాను. వెనక సీటు నిండా గడ్డి పరిచి మామిడికాయల ట్రేలు పెట్టాడు. ప్రతి గోతినీ నత్తలా దాటిస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

“నిన్న ఆవిడ అంత బతిమాలినా వినలేదు. ఇవాళ ఇంత నెమ్మదేంటయ్యా?” అన్నాను.

“కాయ దెబ్బతింటే తోట ఓనరు ఊరుకోడండి. మనుషులకి దెబ్బ తగిలితే నన్నెవరు అడిగారండి?”

ఇంక అతన్ని తిట్టి ఏం లాభం? నూజివీడులో దిగి, అందరూ చూస్తుండగానే ఆ స్టిక్కరును గోళ్లతో గీకి పారేశాను.