నేర్పిన కూలి ఎవరికివ్వాలి

దయ్యాల మాటంటే నాకు నవ్వొచ్చేది. లారీ బంపరుకు నిమ్మకాయలు కట్టిన మాట నిజమే, అది మా సేటు చెప్పిన పని కాబట్టి కట్టాను. ఎవడైనా రోడ్డు మీద ఏదో కనబడిందంటే, ముందు పోయి కంటినిండా నిద్రపొమ్మనేవాణ్ణి. ఇప్పుడు అనను.

తొంభైల చివర్లో మేడ్చల్‌లో ఒక లారీల సేటు దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను. లైసెన్సు చేతికొచ్చినంత మాత్రాన ఈ లైనులో డ్రైవర్ అయిపోరు. పాత డ్రైవర్‌తో, అంటే ఉస్తాద్‌తో, జోడీగా వెళ్లాలి. ఆయన కాసేపు, మనం కాసేపు తోలాలి. నేర్చుకునేవాడికి నెల జీతం ఉండదు, తిండికి బత్తా ఇస్తారంతే. ట్రిప్పు దిగాక వచ్చే పైకంలో నాకూ వాటా ఉండేది గానీ, అది ఉస్తాద్ జేబులోకే పోయేది, నేర్పిన కూలి కింద. ఈ రివాజు ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ కాదనరు. ఉస్తాద్ వెళ్లి సేటుతో “వీని చెయ్యి కుదిరింది” అన్ననాడే జీతం మొదలు.

ఆ మాట నాకు తొందరగా కావాలి. గుండ్లపోచంపల్లిలో అద్దె గదిలో నా భార్యకు నెలలు నిండుతున్నాయి. బత్తాలో మిగిల్చిన చిల్లరతో కాన్పు ఎలా గడుస్తుంది? ఆ బెంగతో నాకు అన్నం సయించేది కాదు.

నా ఉస్తాద్ యాదయ్యది రావల్కోల్ ఊరు. మంచివాడే, మాటలే తక్కువ. నేను స్టీరింగ్ పట్టుకోగానే సీటు వెనక బల్ల మీద పడుకునేవాడు. అక్కడి నుంచే నేర్పేవాడు. నా వీపు వెనక చెక్క మీద ఒకసారి ఠక్‌మంటే మెల్లగా పొమ్మని. రెండుసార్లయితే గేరు మార్చమని. ఆగకుండా కొడితే బండి ఆపమని. ఈ లెక్క నాకెవరూ చెప్పలేదు, రెండు మూడు ట్రిప్పుల్లో నాకే తెలిసిపోయింది. గురకా వినబడేది, చప్పుడూ వినబడేది. నిద్రలో కూడా ఇంజను చెవిన పడుతుందంటే ఎంత పనిమంతుడో అని మురిసిపోయేవాణ్ణి.

ఒక్కటే నాకు రాలేదు. లోడు బండిని ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ ముందుకు తీయడం. అది వస్తే గానీ చెయ్యి కుదిరిందని అనరు.

ఆ రోజు నిజామాబాద్ వైపు నుంచి మక్కజొన్నల లోడుతో వస్తున్నాం. శామీర్‌పేట దగ్గర కోళ్ల దాణా మిల్లులో దింపాలి. మేడ్చల్ వచ్చేసరికి యాదయ్యకు జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది.

“నాతోని గాదురా మల్లేశ్. నేను ఇంటికి పోత. దగ్గరనే గదా, నువ్వే తీస్కపో. పరేషాన్ గాకు” అని దిగిపోయాడు. ఆయన ఆటో ఎక్కడం నా కళ్లతో చూశాను.

పట్టపగలు, మంచి ఎండ. ఒంటరిగా బండి చేతికొచ్చిందని హుషారుగానే ఉన్నాను. ఊరు దాటాక వీపు వెనక ఠక్ ఠక్‌మంది. అలవాటు మీద గేరు మార్చాను. మార్చాక గుర్తొచ్చింది, వెనక మనిషి లేడు.

మెడ తిప్పి చూశాను. బల్ల మీద చుట్టిన దుప్పటి, నీళ్ల డబ్బా, అంతే. చెక్క వదులైందేమోలే అనుకున్నాను. ముందున్న ఎత్తు ఎక్కుతుంటే మళ్లీ మొదలైంది, ఈసారి ఆగకుండా. ఆ దెబ్బలు సరిగ్గా నా వెన్నుపూసకు తగులుతున్నాయి. భరించలేక ఎత్తు మధ్యలో బ్రేకు తొక్కేశాను. చప్పుడు ఆగిపోయింది.

ముందు ఏదో ప్రమాదముంటే దాన్నుంచి నన్ను తప్పించిందని మీరనుకోవచ్చు. అలాంటిదేమైనా ఉంటే నాకూ ధైర్యంగా ఉండేది. రోడ్డు ఖాళీగా ఉంది. దిగి పారిపోదామంటే అంత లోడును ఆ ఎత్తు మీద హ్యాండు బ్రేకు ఆపదు. కాలు తీస్తే లోడుతో సహా వెనక్కి పోతుంది. వెనక ఎవరో ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టుంది. అంత భయం నాకు జన్మలో పుట్టలేదు.

ఠక్ ఠక్. గేరు వేశాను. ఠక్. మెల్లగా క్లచ్ వదిలాను. బండి జానెడు కూడా వెనక్కి జారకుండా ఎత్తు ఎక్కేసింది.

మిల్లులో హమాలీలు నన్ను పట్టుకుని దింపి నీళ్లు తాగించారు. తర్వాత వడ్రంగి మేస్త్రీకి ఆ చెక్క చూపించాను. మేకులన్నీ గట్టిగా ఉన్నాయి. ఆ బండిలో ఎవరైనా చచ్చిపోయారా అని సేటును అడిగితే తిట్టాడు. సరికొత్తగా బాడీ కట్టించిన బండి అది.

మర్నాడు రావల్కోల్ వెళ్లాను. యాదయ్య మంచం మీద గంజి తాగుతున్నాడు. ఎత్తు మీద బండి తీసిన సంగతి చెప్పి, “నువ్వు చెక్క కొట్టి చెప్తవ్ సూడన్నా, నిన్న నువ్వు లేకున్నా గట్లనే ఇనబడ్డది” అన్నాను.

“ఏం కొట్టుడురా?” అన్నాడు.

నేను ఆయన మంచం కోడు మీద కొట్టి చూపించాను. గిన్నె కింద పెట్టేశాడు.

“నేనెన్నడు కొట్టలే మల్లేశ్. ఎనక పండినంక నాకు సోయి ఉంటదా?”

ఆయన లేచి, పెట్టెలోంచి నా వాటా పైకమంతా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“నేర్పినందుకే గదన్నా తీస్కున్నవ్” అన్నాను.

“నేర్పింది నేను గాదు గదరా. ఇంకొకని కూలి నేనెట్ల తింట? జల్దీ తీస్కపో, ఇంట్ల ఉంచుకోను.”

ఆ వారమే సేటుతో చెయ్యి కుదిరిందని చెప్పాడు. నాకు జీతం మొదలైంది. ఆయన మాత్రం ఆ బండి మళ్లీ ఎక్కలేదు, నేనూ వేరే బండి అడిగి తీసుకున్నాను. నాకు కూతురు పుట్టింది. ఆసుపత్రి ఖర్చుకు అప్పు చేశాను గానీ ఆ పైకం ముట్టలేదు. ఈ రోజుకీ ముట్టలేదు.

అదేమిటో నాకిప్పటికీ అర్థం కాదు. నాకు నేర్పింది మాత్రం నిజం, ఇన్నేళ్లూ ఆ నేర్పుతోనే బతికాను. ఈ లైనులో నేర్పిన కూలి ఎవరూ వదులుకోరు. ఇవ్వడానికి నేను సిద్ధమే. ఆ నేర్పినవాడు వచ్చి అడుగుతాడేమోనన్నదే నా భయం.